సోడియానికి నీళ్లు తగిలితే



ఈమధ్య పిల్లల ఫోన్లలో ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. మీరూ చూసే ఉంటారు. ఒకాయన కుంట గట్టున నిలబడి ఉంటాడు. చేతిలో చిన్న పొట్లం. దాన్ని నీళ్లలోకి విసిరేస్తాడు. ఒకటి రెండు క్షణాలు ఏమీ జరగదు. తర్వాత ఢామ్మని పేలుతుంది. నీళ్లు మనిషెత్తుకు మించి లేస్తాయి. మంట కనబడుతుంది. తెల్లటి పొగ కమ్ముకుంటుంది. చూసిన పిల్లోడు వచ్చి, "నీళ్లలో నిప్పేంది సార్?" అని అడుగుతాడు.

మన హిందూపురం, మడకశిర దాటితే కర్ణాటకలో మధుగిరి తాలూకా వస్తుంది. అక్కడ చాలా ఊళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే. 2024 డిసెంబర్‌లో ఆ తాలూకాలో ఒక యూట్యూబర్ పొలంలోని పంటకుంటలో ఇట్లాంటి పేలుడే చేసి వీడియో పెట్టాడు. పోలీసులు కేసు పెట్టి అరెస్టు చేశారు. ఆ కుంటలో పేలింది సోడియం లోహం.

ఇవాళ నేను చెప్పేది ఒకటే సంగతి. మంట కనబడితే బిందెడు నీళ్లు పోయడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. సోడియం, పొటాషియం లాంటి లోహాల దగ్గర ఆ అలవాటు పనికిరాదు. అక్కడ నీళ్లు మంట ఆర్పవు. నీళ్లే మంట పెడతాయి. మళ్లీ చెప్తున్నా. సోడియం దగ్గర నీళ్లే మంట పెడతాయి. ఎందుకు పెడతాయో తెలిస్తే మాట మనసులో నిలబడుతుంది. అందుకని ముందు ఆ కారణం చెప్పుకుందాం. ల్యాబుల్లో, బళ్లలో ఏం చేయాలో తర్వాత చెప్తా.

సోడియం ఎట్లా ఉంటుంది? లోహం అనగానే మనకు ఇనుము, రాగి గుర్తొస్తాయి. సోడియం అంత గట్టిది కాదు. చాకుతో కోస్తే తెగుతుంది. కోసిన చోట వెండి రంగులో తళతళా మెరుస్తుంది. చూస్తుండగానే ఆ మెరుపు మాసిపోతుంది. గాలిలో ఉన్న ఆక్సిజన్, తేమ రెండూ దాన్ని పట్టుకుంటాయి. అందుకే దాన్ని కిరోసిన్‌లో ముంచి సీసాలో దాస్తారు. నీళ్లకంటే కాస్త తేలిక. అందుకే నీళ్లలో వేస్తే మునగదు, తేలుతుంది. 98 డిగ్రీల వేడికే కరుగుతుంది. అంటే నీళ్లు మరిగేలోపే సోడియం కరిగిపోతుంది. ఈ 98 డిగ్రీల సంగతి గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు మీకో అనుమానం రావాలి. మనం రోజూ తినే ఉప్పులో ఉండేది సోడియమే కదా? ఉప్పు నీళ్లలో వేస్తే పేలదే! గిన్నెలో పప్పు ఉడుకుతుంటే గుప్పెడు ఉప్పు వేస్తాం. కరిగిపోతుంది, అంతే. పొటాషియం కూడా అంతే. రాజంపేట, కోడూరు వైపు అరటితోటలు ఉన్న రైతుల్ని అడగండి. తెల్ల పొటాష్ బస్తాలు తెచ్చి నీళ్లలో కలిపి డ్రిప్పు పైపుల్లోకి వదులుతారు. బస్తాలకు బస్తాలు పొటాషియం నీళ్లలో కలుస్తోంది. ఒక్క బుడగ కూడా రాదు. మరి సీసాలో ఉన్న పొటాషియం ముక్క నీటి చుక్క తగిలితే ఎందుకు భగ్గుమంటుంది?

ఇంకో ఉదాహరణ మన పక్కనే ఉంది. రాజంపేట నుంచి కోడూరు పోయే దారిలో ఓబులవారిపల్లె మండలం, మంగంపేట. ముగ్గురాయి గనులు. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మంగంపేటది ఒకటి. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ తవ్విస్తుంది. ఆ రాయిలో ఉండేది బేరియం. సోడియం, పొటాషియాలది క్షార లోహాల కుటుంబం. బేరియానిది ఆ పక్కింటి కుటుంబం, క్షార మృత్తిక లోహాలు. శుద్ధమైన బేరియం లోహాన్ని నీళ్లలో వేస్తే అది కూడా బుసబుసా పొంగి హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని కూడా నూనెలోనే దాచాలి. కానీ మంగంపేట దగ్గర ముగ్గురాయి గుట్టలు ఆరుబయటే ఉంటాయి. వాన పడుతుంది. తడుస్తాయి, ఎండుతాయి. ఏమీ కాదు. అంతేనా, ఆ రాయిని పొడి చేసి, బురదలో కలిపి, చమురు బావులు తవ్వేటప్పుడు భూమిలోకి పంపుతారు. ఎందుకో తెలుసా? బరువుగా ఉంటుంది, నీళ్లకంటే 4 రెట్లు పైన. పైగా దేనితోనూ కలవదు, దేనితోనూ కొట్లాడదు. ఆస్పత్రిలో కడుపు ఎక్స్‌రే తీసేముందు రోగి చేత తాగించే తెల్లటి ద్రవం కూడా ఇదే, శుద్ధి చేసిన బేరియం సల్ఫేట్. బేరియం లోహం నీటికే బుసబుసా పొంగుతుంది. అదే బేరియం సల్ఫేట్ రూపంలో ఉంటే రోగి తాగినా ఏమీ కాదు.

తేడా ఎక్కడుంది? ఎలక్ట్రాన్ దగ్గర ఉంది. సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు ఉంటాయి. పది లోపలి వరసల్లో కుదురుగా ఉంటాయి. పదకొండోది బయటి వరసలో ఒక్కటే ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి సోడియం ఎప్పుడూ సిద్ధమే. ఉప్పులో ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఆ ఎలక్ట్రాన్ క్లోరిన్ చేతికి పోయింది. సోడియం శాంతించింది. ఇక నీళ్లకు ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు. పొటాష్ బస్తాలో పొటాషియం సంగతీ ఇదే. ముగ్గురాయిలో బేరియం సంగతీ ఇదే. ఎలక్ట్రాన్లు ఇచ్చేసి కూర్చున్నాయి. సీసాలో ఉన్న లోహం మాత్రం ఇంకా ఇవ్వలేదు. పుచ్చుకునేవాళ్లు ఎవరొస్తారా అని చూస్తోంది. నీళ్లు తగిలాయా, ఇచ్చేస్తుంది. అంతా ఒక్క త్రుటిలో.

కాబట్టి ప్రకృతిలో ఎక్కడా సోడియం లోహం ముక్క దొరకదు. వంక ఇసుకలో వెతికినా దొరకదు, గనిలో తవ్వినా దొరకదు. మనిషే కష్టపడి విడదీయాలి. మొదట విడదీసినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. 1807 అక్టోబర్ 6న ముందు పొటాషియం తీశాడు. కట్టెలు కాల్చిన బూడిద నుంచి వచ్చే పొటాష్‌లోకి పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు పంపించాడు. పోయిన ఎలక్ట్రాన్‌ను కరెంటు బలవంతంగా వెనక్కి తెచ్చింది. చిన్న చిన్న లోహపు పూసలు మెరుస్తూ పైకొచ్చాయి. కొన్ని గాలి తగలగానే మండిపోయాయి. డేవీ సంతోషం పట్టలేక ల్యాబంతా గంతులేశాడని ఆయన తమ్ముడి వరసైన ఎడ్మండ్ డేవీ చెప్పాడు. కొద్ది రోజులకే ఇదే పద్ధతిలో సోడియం కూడా తీశాడు. అంటే ఆ ముక్కలో ఉన్న కోపమంతా కరెంటు పెట్టిన కోపమే. ఎంత శక్తి పెట్టి విడదీశామో, నీళ్లు తగిలినప్పుడు అందులో చాలా భాగం ఒక్కసారిగా బయటికొస్తుంది.

ఇప్పుడు నీళ్లలో ఏం జరుగుతుందో చూద్దాం.

పాతకాలంలో ఇళ్లకు వెల్ల వేసేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లు సున్నం తడపడం చూశారా? కాల్చిన సున్నపురాళ్లు తొట్టిలో వేసి నీళ్లు పోస్తారు. పొయ్యి లేదు, కట్టె లేదు. అయినా కుతకుతా ఉడుకుతుంది. ఆవిరి లేస్తుంది. పిల్లలు దగ్గరికి పోతే జేజి కేకలేస్తుంది, కంట్లో పడుతుందని. చన్నీళ్లు పోస్తే అంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది? నీళ్లకూ సున్నానికీ మధ్య జరిగిన రసాయన చర్య నుంచి వచ్చింది. సోడియం విషయంలో కూడా మొదట జరిగేది ఇదే, వేడి పుట్టడం. కాకపోతే సున్నం దగ్గర వేడి ఒక్కటే వస్తుంది. సోడియం దగ్గర వేడితోపాటు మండే వాయువు కూడా వస్తుంది. సున్నం తొట్టి ఉడికి ఊరుకుంటుంది. సోడియం ఊరుకోదు.

ఆ వాయువు హైడ్రోజన్. సోడియం ఇచ్చిన ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుని నీటి అణువు విరుగుతుంది. హైడ్రోజన్ బయటికొస్తుంది. మిగిలింది సోడియంతో కలిసి కాస్టిక్ సోడా అవుతుంది. లెక్క చెప్తా వినండి. ఒక్క గ్రాము సోడియం పూర్తిగా నీళ్లతో కలిస్తే దాదాపు అర లీటరు హైడ్రోజన్ వస్తుంది. అదే గ్రాము ఇచ్చే వేడితో 25 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు మరిగే దాకా వేడెక్కుతాయి. ఒక్క గ్రాముకే అంత. గాలిలో హైడ్రోజన్ నూటికి 4 పాళ్లు ఉంటే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

బఠాణీ గింజంత ముక్కను తొట్టెడు నీళ్లలో వేశారనుకోండి. అది తేలుతుంది. వేడికి 98 డిగ్రీలు దాటగానే కరిగి గుండ్రటి వెండి గుండు అవుతుంది. కింద హైడ్రోజన్ బుడగలు తోస్తుంటే నీళ్ల మీద బుస్సుమంటూ అటూ ఇటూ పరుగెడుతుంది. చిన్నదవుతూ చిన్నదవుతూ మాయమవుతుంది. చివర్లో ఒక్కోసారి చిటపటమని చిమ్ముతుంది. అదే ముక్కను తడి గుడ్డ మీదో, తడి కాగితం మీదో పెడితే? కదలడానికి వీలు లేదు. వేడి చుట్టుపక్కలకు పోవడానికి సరిపడా నీళ్లు లేవు. ఉన్నచోటే వేడెక్కి హైడ్రోజన్ అంటుకుంటుంది. పసుపుపచ్చ మంట వస్తుంది. ఈ మాట టీచర్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సోడియానికి తొట్టెడు నీళ్లకంటే తడి గుడ్డ ఇంకా ప్రమాదం. సింకులో మిగిలిన తడి, చెత్తబుట్టలో తడిసిన కాగితాలు, వీటి దగ్గరే చాలా ల్యాబుల్లో మంటలు పుట్టేది.

ముక్క పెద్దదైతే పరుగులుండవు. పేలుడే. ఇక్కడ చాలాకాలం ఒక చిక్కు ఉండింది. ముక్క చుట్టూ ఆవిరి, హైడ్రోజన్ పేరుకుంటే అవి నీళ్లను దూరంగా నెట్టాలి కదా? నీళ్లు దూరమైతే చర్య నెమ్మదించాలి కదా? కానీ ఇంకా రెచ్చిపోతోంది. ఎందుకు? దీనికి జవాబు 2015లో వచ్చింది. ప్రాగ్‌లో చెక్ శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్, ఫిలిప్ మేసన్, వాళ్లతో పనిచేసినవాళ్లు సెకనుకు వేల ఫొటోలు తీసే కెమెరా పెట్టి చూశారు. సోడియం, పొటాషియం కలిపిన ద్రవ లోహపు చుక్కను నీళ్లలోకి వదిలారు. సెకనులో వెయ్యో వంతు గడవకముందే ఆ చుక్క నుంచి లోహపు ముళ్లు నలువైపులా దూసుకొచ్చాయి. ఎలక్ట్రాన్లన్నీ ఒక్కసారిగా నీళ్లలోకి దూకేశాయి. చుక్కలో మిగిలింది అంతా ధనావేశం. ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నెట్టుకుని చుక్క చీలిపోయింది. చీలేసరికి కొత్త లోహం నీళ్లకు తగిలింది. మళ్లీ చర్య, ఇంకా వేగంగా. హైడ్రోజన్ అంటుకోవడం తర్వాతి ముచ్చట. మన పుస్తకాల్లో ఈ పేలుడంతా హైడ్రోజన్ పనే అన్నట్టు రాస్తారు. అది సగం కథే. ఆ బృందమే 2021లో ఇంకో వింత చూపించింది. ఆ లోహపు చుక్క మీద చాలా పల్చగా నీటి పొర చేర్చితే, కొన్ని క్షణాలపాటు ఆ నీరే బంగారు రంగులో లోహంలా మెరిసింది. నీటిలోకి దూకిన ఎలక్ట్రాన్ల మెరుపు అది.

ఈ క్షార లోహాల కుటుంబంలో అందరి కోపం ఒకేలా ఉండదు. లిథియం నెమ్మది. సోడియం దానికంటే దుడుకు. పొటాషియం నీళ్లు తగిలితే ఊదారంగు మంటతో అంటుకుంటుంది. ఆవర్తన పట్టికలో కింది మెట్టుకు పోయేకొద్దీ ఆ బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, పట్టు సడలుతుంది. రుబీడియం, సీజియం మరీ ఘోరం. నీళ్ల తొట్టిని పగలగొట్టగలవు. వీటిని గాజు గొట్టంలో పెట్టి సీలు వేస్తారు. ఒక ముచ్చట చెప్పనా? సీజియం 28న్నర డిగ్రీలకే కరుగుతుంది. రుబీడియం 39 డిగ్రీలకు. మన రాజంపేట మే నెల ఎండలు మీకు తెలుసు కదా. ఆ ఎండలో పెడితే రెండూ గొట్టంలోనే కరిగి ద్రవమైపోతాయి. యూరప్‌వాళ్లు వాటిని ఘన లోహాలని రాసుకున్నారు, మన ఊళ్లో రాసుంటే ద్రవ లోహాలని రాసేవాళ్లేమో.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికావాళ్ల దగ్గర సోడియం పీపాలు మిగిలిపోయాయి. 1947లో వాషింగ్టన్ రాష్ట్రంలో లెనోర్ అనే సరస్సులోకి కొండ మీద నుంచి దొర్లించేశారు. ఒక్కొక్క పీపా పేలి నీళ్లు ఆకాశానికెగిరాయి. దానికి సినిమా కూడా తీసి పెట్టుకున్నారు. ప్రభుత్వమే పారేయడానికి అదొక పద్ధతి అనుకుంది! ఈ రోజు ఎవరైనా అట్లా చేస్తే జైలుకే. చేపలుండే కుంటలోకి వేస్తే నీళ్లలో కాస్టిక్ సోడా కలుస్తుంది. మధుగిరిలో కేసు పెట్టడం సబబేనని నా అభిప్రాయం. కెమెరా ముందు పేల్చినదాన్ని ప్రయోగం అనలేం. ప్రయోగం అంటే కొలత ఉండాలి, కళ్లద్దాలు ఉండాలి, ఏం తెలుసుకోవాలో ముందే తెలిసి ఉండాలి.

అట్లాగని సోడియం పనికిరానిది అనుకోవద్దు. మన దక్షిణాన, చెన్నై దాటి, కల్పాక్కం ఉంది. అక్కడ ఫాస్ట్ బ్రీడర్ అణు రియాక్టర్లలో వేడిని మోసుకుపోయేది ద్రవ సోడియమే. 1985లో మొదలైన చిన్న రియాక్టర్ ఒకటి. 500 మెగావాట్ల పెద్దది ఇంకొకటి. ఆ పెద్దదానికి వెయ్యి టన్నులకు పైగా సోడియం కావాలి. సోడియం వేడిని బాగా మోస్తుంది. 883 డిగ్రీల దాకా మరగదు. కాబట్టి గొట్టాల్లో ఒత్తిడి పెంచక్కర్లేదు. కానీ కరెంటు తీయాలంటే చివరికి నీళ్లను ఆవిరి చేయాలి కదా. అక్కడ సోడియానికీ నీళ్లకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం గోడ ఒక్కటే అడ్డం. అందుకే సోడియంలో హైడ్రోజన్ ఏమాత్రం కనిపించినా పట్టేసే పరికరాలు పెట్టారు. హైడ్రోజన్ కనిపించిందంటే ఎక్కడో గొట్టం చిల్లుపడి నీళ్లు తగిలాయన్నమాట. వెయ్యి టన్నుల దగ్గర అంత జాగ్రత్త తీసుకుంటారు. మన బడిలో ఉండేది పాతిక గ్రాముల సీసా. దాని దగ్గర ఎవరు జాగ్రత్తగా ఉంటున్నారు?

ఇక ల్యాబు సంగతికి వస్తా. రాజంపేటలోనే కాదు, ఎక్కడ డిగ్రీ కెమిస్ట్రీ ఉందో అక్కడ లాసేన్ పరీక్ష ఉంటుంది. ఫ్రాన్సు శాస్త్రవేత్త లాసేన్ 1843లో చెప్పిన పరీక్ష. ఏదైనా సేంద్రియ పదార్థంలో నత్రజని, గంధకం, క్లోరిన్ లాంటివి ఉన్నాయేమో తెలుసుకోవడానికి. చిన్న సోడియం ముక్క, ఆ పదార్థం కలిపి, ఇగ్నిషన్ ట్యూబులో ఎర్రగా కాలుస్తారు. ఆ ఎర్రటి ట్యూబును చైనా డిష్‌లో ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో ముంచుతారు. గాజు పటపటా పగులుతుంది. ట్యూబులో సోడియం మిగిలి ఉంటే అక్కడే చిమ్ముతుంది. పరీక్షలోనే ప్రమాదం ఇమిడి ఉంది. కాబట్టి ముక్క వేలిగోరంత కూడా ఉండకూడదు, పెసర గింజంత చాలు. ముంచిన వెంటనే డిష్ మీద తీగ జాలీ మూత పెట్టాలి. కళ్లద్దాలు లేకుండా ఏ పిల్లా, ఏ పిల్లోడూ ఆ బల్ల దగ్గరికి పోకూడదు. ఎండాకాలం చెమట అని అద్దాలు తీసి జేబులో పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వకండి.

సోడియాన్ని కోసేటప్పుడు పొడి చాకు, పొడి ఫిల్టర్ కాగితం, పొడి చేతులు. ఫోర్సెప్స్‌తోనే పట్టుకోవాలి. మన వేళ్ల తేమ చాలు, చర్మం కాలడానికి. క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ సీసాల దగ్గరికి సోడియాన్ని రానివ్వకండి. అవి కలిస్తే నీళ్లకంటే భయంకరంగా పేలతాయి. పాత పొటాషియం సీసా ఎవరి దగ్గరైనా ఉంటే, ముక్క మీద పసుపు రంగు పొర కట్టి ఉంటే, దాన్ని కోయొద్దు. నూనెలో ఉన్నా సరే, కోసేటప్పుడే పేలొచ్చు. ముట్టుకోకుండా పక్కన పెట్టి తెలిసినవాళ్లకు చెప్పండి.

కిరోసిన్ గురించి ఒక్క మాట. రేషన్ షాపుల్లో కిరోసిన్ కనబడి ఎన్నాళ్లయింది? పాత సీసాల్లో కిరోసిన్ మన ఎండలకు ఆవిరవుతూనే ఉంటుంది. వేసవి సెలవుల తర్వాత చూస్తే సోడియం ముక్కలు సగం బయటపడి తెల్లటి పొడి పట్టి ఉంటాయి. కిరోసిన్ దొరక్కపోతే లిక్విడ్ పారఫిన్ పోయండి. సెలవులిచ్చే ముందు ఒకసారి, బడి తెరిచాక ఒకసారి మట్టం చూడండి.

మంట వస్తే? ఇదే ఇవాళ్టి అసలు మాట. నీళ్లు వద్దు. తడి గోనె వద్దు. నురగ చిమ్మే సిలిండర్ వద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా వద్దు, మండే సోడియం దాన్ని కూడా వదలదు. మరి ఏం వేయాలి? పొడి ఇసుక. లేకపోతే పొడి ఉప్పు. ఇది విని నవ్వొచ్చు, సోడియం మంటను సోడియం ఉప్పే ఆర్పుతుందా అని. నిజమే. లోహాల మంటలకు అమ్మే ప్రత్యేక పౌడర్లలో ఒక రకం ప్రధానంగా వంట ఉప్పే. ఎలక్ట్రాన్ ఇచ్చేసి కూర్చున్న సోడియం కదా, ఏమీ చేయదు. మంట మీద పొరలా పరుచుకుని గాలి తగలకుండా చేస్తుంది. సిలిండర్ కొంటే దాని మీద డీ అనే అక్షరం ఉందో లేదో చూసి కొనండి. లోహాల మంటకు అదే గుర్తు.

బళ్లలో ఆఫీసుల్లో ఎర్ర బక్కెట్లు గోడకు వేలాడుతుంటాయి. లోపల ఇసుక ఉండాలి. తొంగి చూడండి. వక్కాకు ఉమ్ములు, బీడీ ముక్కలు, టీ కప్పులు ఉంటాయి. ఇసుక ఉన్నా నవంబర్ తుపాను వానలకు తడిసి ముద్దయి ఉంటుంది. తడి ఇసుక సోడియం మీద వేస్తే నీళ్లు పోసినట్టే. చెయ్యేరు నది ఇసుకే తెచ్చుకోండి, మంచిదే. కానీ ఎండలో ఆరబెట్టి, పెనం మీద కాస్త వేయించి, మూత ఉన్న డబ్బాలో పోసి ల్యాబు లోపల పెట్టండి. బయట వరండాలో వద్దు.

ఒంటి మీద సోడియం ముక్క పడిందనుకోండి. కుళాయి దగ్గరికి పరుగెత్తకూడదు. ముందు ఫోర్సెప్స్‌తోనో పొడి గుడ్డతోనో ముక్క తీసేయాలి. ముక్కలన్నీ పోయాయని చూసుకున్నాకే నీళ్లు. అప్పుడు కొంచెం నీళ్లు కాదు, ధారగా, కనీసం 15 నిమిషాలు. మిగిలి ఉన్న కాస్టిక్ సోడా కడుక్కుపోవాలి. కంట్లో పడితే మాత్రం ఆలోచించకుండా నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి పోవాలి.

మిగిలిపోయిన సోడియం ముక్కలు సింకులో వేయొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. ల్యాబ్ ఇన్‌చార్జ్ సారే, పిల్లలు కాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్కొక్క చిన్న ముక్క వేసి నెమ్మదిగా కరగనివ్వాలి. దగ్గర్లో మంట ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. ముక్క పూర్తిగా కరిగిందని నిర్ధారించుకున్న తర్వాతే నీళ్లు.

చివరిగా, చాలామంది అడిగే ప్రశ్న. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలో లిథియం ఉంటుంది కదా, దానికి మంటొస్తే నీళ్లు పోయకూడదా? 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలొచ్చి 8 మంది చనిపోయారు. అప్పటి నుంచీ ఈ భయం ఎక్కువైంది. స్కూటర్లలో, ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలో లిథియం ముక్క ఉండదు. అందులో లిథియం ఎలక్ట్రాన్ ఇచ్చేసిన రూపంలోనే ఉంటుంది. అక్కడ మంటకు కారణం లోపలి ద్రావకం, వేడి. అందుకే ఫైర్ సర్వీస్‌వాళ్లు ఇట్లాంటి బ్యాటరీల మీద నీళ్లు ధారాళంగా పోసి చల్లారుస్తారు. మీ పని మాత్రం పోయడం కాదు. మెయిన్ స్విచ్ తీయగలిగితే తీసి, పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని బయటికి రావడం, 101కి ఫోన్ చేయడం. ఆ పొగ విషం. స్కూటర్‌ను రాత్రంతా వాకిలి గడపకు అడ్డంగా పెట్టి చార్జింగ్ పెట్టకండి. మంటొస్తే బయటికి దారి ఉండదు.

ల్యాబుల్లో ఉన్న సార్లకు, మేడమ్‌లకు ఇంకొక్క చిన్న పని. సోడియం సీసా మీద కంపెనీ ఇంగ్లీషులో అతికించిన చీటీ ఉంటుంది. ల్యాబు ఊడ్చే ఆయమ్మకు అది చదవడం రాదు. రేపు బడికి పోగానే తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అతికించండి. "తడి చేత్తో ముట్టుకోవద్దు. నీళ్లు పోయవద్దు. ఇసుక డబ్బా ఇక్కడ ఉంది." ఇసుక డబ్బా వైపు ఒక బాణం గుర్తు కూడా వేయండి.